మడత పెట్టిన మార్జిన్

మధ్యాహ్నం ఒంటిగంటకు డిటెక్టివ్ గదిలోకి వచ్చినావిడ కుర్చీలో కూర్చున్నా చేతిలో ఫోను మాత్రం కింద పెట్టలేదు. ప్రభుత్వ సర్వే కార్యాలయంలో ఆవిడ గుమాస్తా. పూర్తిగా ఇంటి నుంచే పనిచేసే పోస్టు ఒకటి ఖాళీ ఉందని తెలిసి దరఖాస్తు పెట్టుకుంది. కంప్యూటరూ ప్రింటరూ కొని ఇంట్లో సిద్ధంగా ఉంచుకుంది. భర్తది ఓడ మీద ఉద్యోగం. పగలంతా ఇంట్లో అత్తగారొక్కరే ఉంటారు. పోయిన నెల ఆవిడ స్నానాలగదిలో జారిపడి, కోడలు ఆఫీసు నుంచి వచ్చేదాకా అలాగే పడి ఉన్నారు. అప్పటినుంచి ఫోను మోగితే చాలు, ఇంటి నుంచేనేమోనని కోడలికి భయం.

నిన్న ఆఫీసుకు పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని ప్రింటు చేసి, కింద ఆమె సంతకం.

"సంతకం నాదేనండీ, ఉత్తరం నాది కాదు. సాయంత్రం అయిదులోగా తేలకపోతే ఆ పోస్టు ఆఫీసులో నా పక్క సీటాయనకు వెళ్ళిపోతుంది," అందామె.

డిటెక్టివ్ ఉత్తరాన్ని వెలుతురుకేసి పట్టి చూశాడు. ఎడమవైపు నాలుగు వేళ్ళ వెడల్పున పైనుంచి కిందిదాకా ఒక మడత గీత ఉంది. చూడకుండా సంతకాలు పెట్టే అలవాటుందా అని అడిగాడు. అత్తగారి ఆసుపత్రి కాయితాల మీద, ఆవిడ చూపించిన చోటల్లా పెడతానని చెప్పిందామె. అత్తగారు కూడా ఒకప్పుడు ప్రభుత్వ ఉద్యోగే, రికార్డు గదిలో ముప్పయ్యేళ్ళు పనిచేశారట.

"పక్క సీటాయనే అయ్యుంటాడు," అన్నాడు అసిస్టెంటు. అతనికి తన గురువు మీద ఎంత నమ్మకమో తన ఊహల మీదా అంతే.

నాలుగున్నరకు అందరూ ఆమె ఇంటి ముందుగదిలో చేరారు. సూపరింటెండెంటు ఆఫీసు ముద్ర కూడా వెంట తెచ్చాడు. పక్క సీటాయన చెమటలు తుడుచుకుంటూ తనకే పాపం తెలియదని మూడుసార్లు చెప్పాడు. డిటెక్టివ్ తలా ఒక తెల్లకాయితం ఇచ్చి సెలవుచీటీ రాయమన్నాడు. అందరూ తిన్నగా రాయడం మొదలుపెట్టారు. చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చున్న అత్తగారు మాత్రం ముందు కాయితం ఎడమ అంచు మడిచి, గోటితో నొక్కారు.

"చేత్తో రాసేవాళ్ళు మార్జిన్ కోసం అలా మడిచేవారు. ప్రింటరుకు ఆ మడతతో పనిలేదు. కానీ మీ చేతికి తెల్లకాయితం అందితే మడవకుండా ఉండలేరు," అన్నాడు డిటెక్టివ్ మెల్లగా. "ఆసుపత్రి కాయితాల మధ్య ఒక ఖాళీ కాయితం మీద కూడా సంతకం పెట్టించుకున్నారు. ఇంట్లోని ప్రింటరుతోనే దానిమీద ఉత్తరం ప్రింటు చేసి, గుమ్మం ముందుకొచ్చే పోస్టుమాన్ చేతికిచ్చారు."

అత్తగారు కాదనలేదు. "ఇది రోజంతా నా మంచం పక్కనే కూర్చుంటే నేను ఎప్పటికీ రోగినే. సాయంత్రం ఇది మోసుకొచ్చే ఆఫీసు కబుర్లే నాకు ప్రపంచం. దీనిక్కూడా నాలుగు గోడలే మిగిలితే, మేమిద్దరం ఏం మాట్లాడుకుంటాం?"

కోడలికి కోపం వచ్చింది, దుఃఖమూ వచ్చింది.

"ఆఫీసులో నేను పని చేయడం లేదత్తయ్యా. ఫోను చూస్తూ కూర్చుంటున్నాను. ఈ పోస్టు మీకోసం అడగలేదు. నా భయం కోసం అడిగాను."

గడియారం అయిదుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పక్క సీటాయన తల దించుకున్నాడు. అత్తగారు సెలవుచీటీ కొట్టేసి ఇంకో కాయితం అందుకున్నారు. అంచు మడిచి, ఆ ఉత్తరం రాసింది తానేనని, కోడలి దరఖాస్తు అలాగే ఉండాలని రాసి సంతకం పెట్టారు.

"ఒక షరతు. రోజూ సాయంత్రం గంటసేపు నువ్వు బయటికి వెళ్ళాలి. కబుర్లు లేకుండా ఇంట్లోకి రాకూడదు," అన్నారు.

కోడలు తలూపింది. సూపరింటెండెంటు ముద్ర వేశాడు. అప్పుడు గానీ ఆమె ఫోను బల్లమీద పెట్టలేదు.