వెంగమ్మ ఇంట్లో బర్మా పిల్ల

సంగటి కెలికే తెడ్డు చప్పుడుకు రోశమ్మకు మెలకువ వచ్చింది. కళ్లు తెరవకముందు ఒక్క క్షణం తాను రంగూన్‌లోనే ఉన్నాననుకుంది. పొయ్యి పొగ ముక్కుకు తగిలి, పక్కింటి ఓబులమ్మ గొంతు చెవిన పడేసరికి ఇది ఆత్మకూరని గుర్తొచ్చింది. గుర్తొచ్చాక లేవబుద్ధి కాలేదు.

కానీ లేవక తప్పదు. కాన్పుల ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకోవడానికి చేరి ఇంకా వారం తిరగలేదు. చీర కట్టుకోవడానికే ఆమెకు చాలాసేపు పడుతుంది. పుట్టిన దగ్గర్నుంచి నడుముకు లుంగీ చుట్టుకుని తిరిగిన పిల్లకు అన్ని గజాల గుడ్డను ఒంటి మీద నిలబెట్టడం ఎలా తెలుస్తుంది? మొదటి రోజే వార్డు మధ్యలో కుచ్చిళ్లు జారిపోతే బాలింతలందరూ పడీ పడీ నవ్వారు.

వెంగమ్మ సంగటి ముద్ద, చింతకాయ పచ్చడి ఆమె ముందు పెట్టి, మాట్లాడకుండా దొడ్లోకి వెళ్లిపోయింది. రోజూ అంతే. గోడ అవతలి నుంచి ఓబులమ్మ అడగడం వినిపించింది.

"ఏం వెంగమ్మా, ఆ బర్మా పిల్ల ఇంకా ఎన్నాళ్లుంటాది?"

"ట్రైనింగు అయ్యేదాకా. ఆ పైన దాని దారి దానిది."

రోశమ్మ ముద్ద వదిలేసి చెయ్యి కడుక్కుంది.

ఆమె తండ్రి మాలకొండయ్యది ఉదయగిరి పక్క పల్లె. పెళ్లయిన రెండో ఏడే భార్య వెంగమ్మను ఆత్మకూరులో ఆమె పుట్టింట వదిలి, కూలి కోసం రంగూన్ ఓడ ఎక్కాడు. మళ్లీ రాలేదు. అక్కడి రేవులో మూటలు మోస్తూ ఒక బర్మా అమ్మాయిని చేసుకున్నాడు. వాళ్లకు పుట్టిన బిడ్డే రోశమ్మ. యుద్ధంలో బాంబులు పడి తల్లి పోయింది. నిరుడు జ్వరమొచ్చి తండ్రీ పోయాడు. రంగూన్ చుట్టూ మళ్లీ తుపాకుల గోల మొదలై తెలుగువాళ్లంతా మూటాముల్లె సర్దుకుంటుంటే, తండ్రితో కలిసి రేవులో పనిచేసిన హుసేనయ్య తన పిల్లలతోపాటు ఈ పిల్లనూ ఓడ ఎక్కించుకుని వచ్చాడు. తెలిసినవాళ్ల కాళ్లావేళ్లా పడి ఆసుపత్రిలో చోటు ఇప్పించాడు. ఆమెను వెంగమ్మ గడపలో దించి ఉదయగిరి వెళ్లిపోయాడు.

ఆ గడపలో ఆయన రెండు సంగతులు ఒక్కసారే చెప్పాడు. నీ మొగుడు పోయినాడు. ఇది ఆయన కూతురు.

అంతవరకు పసుపుకుంకాలతో ఉన్న వెంగమ్మ చేతి గాజులు తీసేసింది. మొగుడు పోయాడని ఊరికి చెప్పింది గానీ, కూతురి సంగతి మాత్రం చెప్పలేదు. ఎవరడిగినా, "మా ఆయనతో పనిచేసినోళ్ల బిడ్డ. దిక్కులేదంటే ఉంచుకున్నా" అనేది. ఆ మాట వినపడినప్పుడల్లా రోశమ్మకు తాను ఎవరి బిడ్డా కాకుండా పోతున్నట్టుండేది.

ఆ ఉదయం ఆసుపత్రి ముందు చేజర్ల నుంచి వచ్చిన ఎద్దుల బండి ఆగింది. నిండు గర్భిణిని ఆమె తల్లి పోలేరమ్మ పట్టుకుని దించింది. వరండాలో రోశమ్మ ఒక్కతే ఉంది.

"అమ్మా, మా బిడ్డ నీళ్లాడేట్టుండాది. తొందరగా చూడు తల్లీ!"

తండ్రి దగ్గర నేర్చుకున్న తెలుగు తప్ప తెలియని రోశమ్మకు ఇక్కడి ఆడవాళ్ల మాటల్లో సగం అందవు. ఇది మాత్రం అందిందని సంబరపడింది. నీళ్లాడాలంట. కాన్పుకు ముందు స్నానం చేయించడం ఈ దేశపు ఆచారం కాబోలు అనుకుని, పరుగున వేడినీళ్లు తోడి, ఆ పిల్లను స్నానాల గదిలో రాతి మీద కూర్చోబెట్టింది. ఆసుపత్రి పద్ధతి ఇదేనేమోనని పోలేరమ్మా ఊరుకుంది. రెండు చెంబులు పోసిందో లేదో, ఆ పిల్ల గోడ పట్టుకుని కేక పెట్టింది. పెద్ద నర్సమ్మ పరుగెత్తుకొచ్చేసరికి బిడ్డ తడి బండ మీదికి జారబోతోంది. మెడకు పేగు చుట్టుకుని ఉంది. ఏడుపు లేదు. నర్సమ్మ పేగు తప్పించి, బిడ్డను తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది. మళ్లీ చరిచింది. ఎంతకో గాని బిడ్డ కేర్‌మనలేదు.

"నీళ్లాడటమంటే కాన్పు కావడమే!" నర్సమ్మ చేతులు కడుక్కుంటూ అరిచింది. "ఆ మాత్రం తెలుగు రానిదానివి ఈ పనికెందుకొచ్చినావే? బిడ్డ పోయుంటే ఎవరు చెప్పేవాళ్లు జవాబు? రేపు మీ ఇంట్లో పెద్దోళ్లను తీసుకురా. నీకు పూచీ ఉండేవాళ్లు లేకపోతే ఈ గడప తొక్కొద్దు."

మిట్టమధ్యాహ్నం ఎండలో రోశమ్మ బయటపడింది. పెద్దవాళ్లు. ఆ మాట నెత్తిన బండలా కూర్చుంది. రంగూన్‌కు పోదామంటే అక్కడ రెండు సమాధులు తప్ప ఏమీ లేవు. ఇక్కడ ఉందామంటే నా మనిషని చెప్పుకోవడానికే ఎవరూ లేరు. దారిలో బావి కనిపిస్తే, గట్టు దగ్గర కాసేపు నిలబడి లోపలికి తొంగిచూసింది. ఎవరో బిందెతో రావడంతో తల తిప్పుకుని నడిచింది.

వెంగమ్మ గడ్డిమోపుతో ఇంటికి వచ్చేసరికి పిల్ల మూట కట్టుకుంటోంది.

"ఏందే ఆ మూట?"

"ఉదయగిరికి పోతా. హుసేనయ్య మామ కాడికి."

"వాళ్లే ఆయన అన్న పంచన పడుండారు. నిన్ను యాడ పెట్టుకుంటారు? ఏం జరిగిందో చెప్పు ముందు."

రోశమ్మ చెప్పింది. వెంగమ్మ నవ్వలేదు, తిట్టలేదు.

"పెద్దోళ్లను తెమ్మంటే నన్నడగలేవా?"

"ఏమని అడిగేది? దిక్కులేనిదాన్ని ఉంచుకున్నావు గదా! నా పూచీ నీకెందుకు?"

ఆ మాట సూటిగా తగిలింది. వెంగమ్మ గడ్డిమోపు నేలకేసి కొట్టింది.

"ఎట్టా చెప్పమంటావే? ఇరవై ఏండ్లు! నీ మొగుడెప్పుడొస్తాడని అడిగినోళ్లకంతా రేపొస్తాడు, మాపొస్తాడని చెప్పుకుంటా బతికినాను. ఆయన ఆడ ఇంకొకదానితో కాపురం చేసి బిడ్డను కన్నాడని ఇప్పుడు ఏ నోటితో చెప్పేది? ఆయనకు పెండ్లాం ఉండాదని మీయమ్మకు తెలవదా? తెలిసీ నా కొంప ముంచింది!"

"మా అమ్మనేమీ అనొద్దు!" రోశమ్మ అరిచింది. "ఆమెకేం తెలుసు? నువ్వు చచ్చిపోయినావని చెప్పినాడు నాయన!"

వెంగమ్మ ఆమె వైపు ఒక అడుగు వేసింది.

"ఏమన్నావు?"

అనకూడని మాట అనేశానని రోశమ్మకు అర్థమైంది. కానీ వెనక్కి తీసుకునే దారి లేదు.

"పెళ్లయిన ఏడే కలరాతో పోయినావని చెప్పినాడు. నాకూ అదే చెప్పినాడు. ఓడలో హుసేనయ్య మామ చెప్పిందాకా నువ్వుండావని నాకు తెలవదు. మా అమ్మ పున్నమి పున్నమికీ గుడికి పోయి నీ పేరున దీపం పెట్టేది. 'పాపం, చిన్న వయసులో పోయిందంట. వచ్చే జన్మలోనన్నా ఆయమ్మ కడుపు పండాల' అని మొక్కేది. నాచేత కూడా మొక్కించేది."

వెంగమ్మ గోడకానుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"ఆయన చల్లగా ఉండాలని నేనీడ శనివారాలు ఒక్కపొద్దుంటిని. ఆయన ఆడ నన్ను చంపేసినాడా?"

గాజులు తీసేసిన రోజు కూడా ఏడవని మనిషి. కొంగు నోట్లో కుక్కుకుని, ఒళ్లంతా కదిలిపోయేలా ఏడ్చింది. దగ్గరికి పోవాలో దూరంగా ఉండాలో తెలియక రోశమ్మ మూట పట్టుకుని నిలబడిపోయింది. చివరికి చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. వెంగమ్మ తాగింది.

"ఆయమ్మ పేరేంది?"

"మా సో. బర్మాలో ఆడోళ్ల పేరుకు ముందు 'మా' అంటారు."

"పోయేటప్పుడు దగ్గర ఎవురన్నా ఉండారా?"

"నేనే. చిన్నదాన్ని. చెయ్యి పట్టుకోనుండాను."

వెంగమ్మ ఆ పిల్ల చేతుల వైపు చూసింది. ముక్కు చీదుకుని లేచింది.

"మూట ఇప్పు."

మర్నాడు ఉదయం ఆమే రోశమ్మకు చీర కట్టింది. కుచ్చిళ్లు బిగించి దోపి, "ఊపిరాడుతుండాదా?" అని అడిగి, ముందు నడిచింది. ఆసుపత్రి వార్డులో వాళ్ల వీధి ఆడవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను చూసి వెంగమ్మ అడుగు ఒక్క క్షణం తడబడింది.

"నువ్వేమవుతావమ్మా ఈ పిల్లకి?" పెద్ద నర్సమ్మ అడిగింది.

వెంగమ్మ రోశమ్మను ముందుకు జరిపింది.

"ఇది మా ఆయన కూతురు. బర్మాలో చేసుకున్నామె బిడ్డ. నాకు సవతి బిడ్డ. తప్పు చేస్తే నన్నడగండి. మాటలు నేను నేర్పుతా, పని మీరు నేర్పండి."

వార్డంతా చెవులు రిక్కించింది. ఎవరో "అమ్మో!" అన్నారు. ఆ మూల మంచం పక్కన మనవణ్ణి ఒళ్లో పెట్టుకున్న పోలేరమ్మ కల్పించుకుంది.

"పోనీలే నర్సమ్మా, బిడ్డ గుండ్రాయిలా ఉండాడు. పుట్టంగానే తలంటు కూడా అయిపోయింది!"

నవ్వాపుకోవడం నర్సమ్మ వల్ల కాలేదు. "సరే, పోయి గుడ్డలు ఉడకబెట్టు" అంది రోశమ్మతో.

వెంగమ్మ ఎవరి వైపూ చూడకుండా గబగబా వరండా మెట్లు దిగుతోంది. రోశమ్మ వెనకే పరుగెత్తింది. గడపలో దించేటప్పుడు హుసేనయ్య నేర్పిన పిలుపు ఇన్నాళ్లూ నోటికి రాలేదు. ఇప్పుడు దానంతటదే వచ్చింది.

"పెద్దమ్మా!"

వెంగమ్మ ఆగింది. "ఏంది?" అంది వెనక్కి తిరక్కుండా.

"ఏం లేదు. ఊరికే పిలిచినాను."

వెంగమ్మ పైటతో మొహం తుడుచుకుంది. అప్పుడు తిరిగి చూసింది.

"ఇంకోసారి పిలువు" అంది.