ఎనిమిది బోల్టులు

"ఈ కారులో బిడ్డను ఎక్కించడానికి వీల్లేదు."

ఆసుపత్రి గేటు దగ్గర ఆ మాట వినగానే మెకానిక్‌కు ఒళ్లు మండింది. పక్కన అక్క, అక్క చేతుల్లో ఐదు రోజుల మేనకోడలు. ఎదురుగా, ఇంటికెళ్లే ప్రతి పసిబిడ్డకూ కారులో బిగించిన బుల్లి సీటును తన చేత్తో లాగి చూస్తేగాని గేటు తీయించని నర్సు. పైన చినుకులు.

"రెండు రోజులు కష్టపడ్డాను మేడమ్! ఇనప పట్టీ వేసి ఎనిమిది బోల్టులు బిగించాను. ఏనుగు లాగినా రాదు."

"రోడ్డు మీద ఏనుగులు లాగవండీ, లారీలు గుద్దుతాయి. ఈ సీటును పరీక్షించింది కారు బెల్టుతో, మీ ఇనప పట్టీతో కాదు. పైగా మొహం ముందుకు పెట్టారు."

"నన్ను చూస్తూ కూర్చుంటుందనీ..."

"మిమ్మల్ని చూడకపోతే దాని కొంపేం మునగదు. పసిమెడ ఇంకా నిలవదు. కారు గుద్దుకుంటే తల విసురుగా ముందుకు పోతుంది. వెనక్కి తిప్పి కూర్చోబెడితే సీటే తలనూ మెడనూ కాస్తుంది. విప్పండి."

వెనక కార్లు హారన్లు కొడుతుంటే, వానలో తడుస్తూ మెకానిక్ తన ఎనిమిది బోల్టులూ తనే విప్పాడు.

"నవ్వించకురా, కుట్లు లాగుతున్నాయి," అంది అక్క.

నర్సు చెప్పినట్టే కారు బెల్టు దూర్చి, సీటు మీద మోకాలు ఆనించి బిగించాడు. ఆమె పట్టుకుని లాగింది. కదిలింది. మళ్లీ బిగించాడు. మళ్లీ కదిలింది. మూడోసారి అంగుళం కూడా జరగలేదు.

బిడ్డకు చుట్టిన దుప్పటి తీయించింది. "ముందు బిడ్డ ఒంటికి సీటు పట్టీలు బిగించి, తర్వాత పైన కప్పాలి. దుప్పటి మీద బిగిస్తే వదులైపోతాయి." భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూసింది. వేళ్లకు మడత దొరకలేదు, అంత బిగువుగా ఉంది.

"పాసైనట్టేనా?" అన్నాడు గర్వంగా.

"బిడ్డ పాసు. మీరింకా కాలేదు."

ఆ ఒక్క మాట అతన్ని నిద్రపోనివ్వలేదు. శనివారానికల్లా మళ్లీ గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఇంట్లో ఇంకెవరైనా పుట్టారా?"

"ఊళ్లో పుడుతూనే ఉన్నారు కదండీ. సీట్లు బిగించడానికి మనిషి కావాలేమోనని."

నాలుగు నెలలు, ఒక్క శనివారం తప్పలేదు. అతను బిగిస్తాడు, ఆమె లాగి చూస్తుంది. సీట్లన్నీ పాసవుతున్నాయి. తన సంగతే తేలలేదు. అడగబోయి, మళ్లీ బెల్టు మీదికి వంగేవాడు.

"ఊరంతా ఆమెను సిస్టర్ అంటుంటే, నీకొక్కడికే మేడమ్ ఎందుకైందిరా?" అని అక్క ఏడిపించేది.

ఒకరోజు మధ్యాహ్నం షెడ్డుకు ఫోన్ వచ్చింది. అక్కే. "ఎదురుగా వ్యాన్ వచ్చి గుద్దిందిరా. ఆసుపత్రిలో ఉన్నాం..."

చేతులకు గ్రీజుతోనే పరిగెత్తాడు. డాక్టరు గది తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చింది. ఆమె భుజం మీద మేనకోడలు, ఆమె బ్యాడ్జీ తాడు చప్పరిస్తూ.

"పూర్తిగా చూశారు. గీత కూడా పడలేదు."

వెనకే మోచేతికి కట్టుతో అక్క. "కారు ముందుభాగం నుజ్జయిపోయింది. సీటు కదిలితే ఒట్టు!"

మెకానిక్ గోడకు చేరగిలబడి ఏడ్చేశాడు. "ఆ రోజు మీరు గేటు తీసేసి ఉంటే..."

"తియ్యలేదుగా. బిగించింది కూడా మీ చేతులే." ఆమె బిడ్డ వీపు నిమిరింది. "ఇప్పుడు మీరూ పాసు."

"ఇంకా ఏం కావాలిరా నీకు? అడుగు!" అని కసిరింది అక్క.

కళ్లు తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు. మొహమంతా గ్రీజు. "నన్ను కూడా ఒకసారి లాగి చూడండి మేడమ్. అంగుళం కదిలినా ఇంటికి పంపేయండి."

ఆమె బిడ్డను అక్కకు ఇచ్చింది. అతని చొక్కా చెయ్యి రెండు చేతులా పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగింది. అతను పాతిన రాయిలా నిలబడ్డాడు.

"కదల్లేదు," అంది, పట్టు వదలకుండానే. "మా అమ్మానాన్నా ఇంతకంటే గట్టిగా లాగి చూస్తారు. ఆదివారం రండి."

అక్క ఈల వేసింది. బిడ్డ కేరింత కొట్టింది.

"దానికంటే ముందు ఇంకో పని. గుద్దుకున్న కారులోని సీటు మళ్లీ వాడకూడదు. డ్యూటీ అయిపోయింది, కొత్తది కొనడానికి నేనూ వస్తాను."

"బోల్టులు తెమ్మంటారా?"

"తెచ్చి చూడండి!"

బయట మళ్లీ చినుకులు. ఈసారి గేటు ఆమే తెరిచింది.