పక్క కుర్చీ

వాకిట్లో ముగ్గు ఇంకా ఆరలేదు, అప్పుడే క్లినిక్ మెట్ల దగ్గర చెప్పులు చేరాయి. ఆత్మకూరులోని ఆ ఇంటి ముందుగదే క్లినిక్. అందులో రెండు కుర్చీలు. కోడలు సుకన్య, కూతురు అశ్విత ఇద్దరూ పళ్ల డాక్టర్లే.

"బుజ్జీ, తొందరగా తినుమే. నీకోసం నలుగురు కాసుకోని ఉండారు," అంటూ చెంచమ్మ కూతురి పళ్లెంలో దోసె వేసింది.

'నీకోసం' అన్న మాట సుకన్యకు గుచ్చుకుంది. క్లినిక్ పెట్టింది తను. ఆడబిడ్డ చదువు ముగించి వచ్చి ఏడాది కూడా కాలేదు. అప్పుడే అందరూ "చిన్న డాక్టరమ్మ చెయ్యి తేలిక" అంటున్నారు. అశ్విత పేషెంట్లను నవ్విస్తుంటే, ఆ నవ్వులు వినపడకుండా సుకన్య ఊరికే డ్రిల్ తిప్పేది.

ఆ ఉదయం కలువాయి నుంచి మాలకొండయ్య వచ్చాడు. ఎడమ దవడ ఉబ్బిపోయింది. నోరు సగమే తెరుచుకుంటోంది. అతణ్ణి చూడగానే సుకన్య చూపు తిప్పుకుంది.

"ఏందన్నా ఇది? ఇంత ముదిరేదాకా ఏం చేస్తా ఉండావు?" అంది అశ్విత.

"పోయిన వారం వచ్చినాను గదమ్మా. జ్ఞానదంతం అడ్డంగా ఉండాది, ఈడ కాదు, నెల్లూరు పొమ్మనింది పెద్ద డాక్టరమ్మ. గొర్రెల్ని ఎవురికి అప్పజెప్పి పొయ్యేది? అట్నే ఓర్చుకున్నాను."

అశ్విత పోయిన వారం తీసిన ఎక్స్‌రే చూసింది. వదిన వైపు చూసింది. మందులు రాసిచ్చి, వాపు తగ్గాక రమ్మని అతణ్ణి పంపేసింది. మధ్యాహ్నం క్లినిక్ తలుపు మూశాకే నోరు విప్పింది.

"నేను పక్క కుర్చీలోనే ఉండాను గదా వదినా? నెల్లూరికి పంపినావే, నా దగ్గరికి పంపలేకపోయినావా?"

"పంపితే ఊరంతా నీ పేరే మోగుతాది. ఇప్పటికే నా క్లినిక్కులో నేను చుట్టాన్నైపోయినాను!"

"నీ కుళ్లుకు ఆయన దవడ కుళ్లాల్నా?"

చెంచమ్మ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏందే, వదినతోనా ఆ మాటలు?"

సుకన్య కుర్చీలో కూర్చుని అత్త వైపు తిరిగింది.

"నాకు చేత కాదు అత్తా! మా చివరి ఏడు కరోనా వచ్చి పడింది. పన్ను తీయడం ఉదయగిరిలో సిగ్నల్ కోసం మా మిద్దె మీద నిలబడి ఫోన్‌లో చూసినాను. చెయ్యి తిరగాలని సబ్బుబిళ్ల మీద పళ్ల బొమ్మలు చెక్కినాను. కాలేజీ తెరిచినాక మాత్రం, నోరు తెరిచేదానికి ఎవురొచ్చినారు? ఆఖర్న మీ పని మీరే అంచనా వేసుకోండని కాలేజీవాళ్లు ఆన్‌లైన్‌లో ఫారం పంపినారు. ఇట్టాంటి దంతం ఒక్కటీ తీయకుండానే 'సొంతంగా తీయగలను' అని టిక్ పెట్టినాను. అందరూ పెట్టినారు. డాక్టరైనాక నేర్పమని ఎవుర్ని అడిగేది? అశ్విత చెయ్యి చూస్తే, నేను పోగొట్టుకున్న చదువంతా ఈమే ఎత్తుకుపోయినట్టు ఉంటాది."

అశ్విత కోపం దిగిపోయింది. వదిన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"మా సార్లు నా చెయ్యి పట్టుకోని తీయించినారు వదినా. లేకుంటే నేనూ ఇంతే. అడిగుంటే కాదంటానా?"

వాపు తగ్గాక మాలకొండయ్య వచ్చి తిన్నగా అశ్విత కుర్చీలో కూర్చున్నాడు. సుకన్య అతని ఎదుట నిలబడింది. తమ వంతు కోసం బల్ల మీద కూర్చున్న జనం వింటున్నారు.

"అన్నా, ఆ పొద్దే మా అశ్విత నీ పన్ను తీసి ఉండేది. ఆమెకు పేరొస్తాదని నిన్ను నెల్లూరు పొమ్మన్నాను. తప్పు నాది."

అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అయితే వదినా మరదళ్ల నడమ నలిగింది నా దవడా? ఎవురో ఒకరు పెరకండమ్మా, గొర్రెలు కాసుకోని ఉండాయి."

మత్తు సూది వేసి అశ్విత మొదలుపెట్టింది. చేసే ప్రతి పనినీ పక్కనున్న వదినకు చెబుతూ పోయింది. సగంలో ఆగి, "ఇక్కణ్ణుంచి మా వదిన తీస్తాదన్నా, నేను పక్కనే ఉంటాను. సరేనా?" అని అడిగింది. అతను చెయ్యెత్తి సరేనన్నాడు.

సుకన్య పరికరం అందుకుంది. ఆమె చేతి మీద అశ్విత చెయ్యి పడింది.

"తొయ్యొద్దు. మెల్లగా తిప్పు. అద్దో, కదిలింది చూడు."

పన్ను వచ్చింది. మాస్కు కింద సుకన్య చెంపలు తడిసిపోయాయి.

"చిన్న డాక్టరమ్మా, తర్వాత నేనేనా?" అంది బల్ల మీది ముసలామె.

సుకన్య గుండెలో మళ్లీ చురుక్కుమంది. అంత తొందరగా పోయేది కాదు ఆ కుళ్లు. అయినా గ్లవ్స్ మార్చుకుంటూ తనే బదులిచ్చింది.

"ఆమే చూస్తాది, రా అవ్వా. నేను ఆమె దగ్గర నేర్చుకుంటా ఉండాను."