వంకర చెప్పు

కుంభగిరి రాజ్యంలో మూడేళ్లుగా శంఖినీ నది పారడం లేదు. ద్వారకంటకుడనే రాక్షసుడు ఆ నదిని కొండగుహలో బంధించి, వాకిట్లో తానే కాపలా నిలబడ్డాడు. వాడి పందెం వినడానికి సులువే. గుహకు పన్నెండు అడుగుల దూరంలో ఒక తోలుబంతి ఉంటుంది. ఒక్క తన్నుతో దాన్ని వాడికి చిక్కకుండా లోపలికి పంపితే నది విడుదలవుతుంది. వాడు ఆపాడా, తన్నినవాడు అక్కడే రాయి అయిపోతాడు.

సేనాపతి వెళ్లాడు, యువరాజు వెళ్లాడు, పేరుమోసిన వస్తాదులు వెళ్లారు. ఎవరూ తిరిగి రాలేదు. చివరికి చెప్పులు కుట్టే బాలవీరయ్య బయలుదేరాడు. అతనికి పైడితల్లి అనే పన్నెండేళ్ల కూతురు తప్ప ఎవరూ లేరు. ఆ పిల్ల తొలిసారి తన చేత్తో కుట్టుకున్న ముక్కు చెప్పులు తొడుక్కుని తండ్రిని సాగనంపింది. వాటిలో ఎడమ చెప్పు ముక్కు పూర్తిగా ఎడమకు తిరిగి ఉంది. బాలవీరయ్య పకపకా నవ్వాడు.

"నీ కాలొక ఊరికీ, చెప్పొక ఊరికీ పోతున్నాయే అమ్మడూ. నేనొచ్చాక విప్పి మళ్లీ కుడతాలే."

నెల గడిచినా అతను రాలేదు. పైడితల్లి ఆ చెప్పులతోనే అడవిదారి పట్టింది.

దారిలో పుట్ట పక్కన ఒక ముని కనిపించాడు. బంతిని ఎటు తన్నాలో చెప్పమని ఆమె దణ్ణం పెట్టి అడిగింది. కుడికి తన్నినవాళ్లూ రాళ్లయ్యారు, ఎడమకు తన్నినవాళ్లూ రాళ్లయ్యారు, కనుక బాగా ఆలోచించి తన్నమని చెప్పి ఆయన కళ్లు మూసుకున్నాడు. ఈ మాత్రం చెప్పడానికి అన్నేళ్ల తపస్సు ఎందుకో, పిల్లలూ, నాకైతే అర్థం కాదు.

ఇంకొంత దూరం పోయాక రెండు తలల పక్షి ఎదురైంది. కుడి తల కుడికే తన్నమంది. ఎడమ తల ఎడమకే అంది. రెండూ ఒకదాన్నొకటి పొడుచుకుంటుంటే పైడితల్లికి తల తిరిగిపోయింది. పది అడుగులకు కుడి అనుకుంది, ఇంకో పది అడుగులకు ఎడమ అనుకుంది. గుహ చేరేసరికి తనకు ఏది కుడిచెయ్యో కూడా అనుమానం వచ్చింది.

అక్కడ రాతిమనుషులు బారులు తీరి ఉన్నారు. చివరివాడు బాలవీరయ్య. పైడితల్లి అతని మోకాళ్లు వాటేసుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, చెప్పులు కుట్టేవాళ్ల అలవాటు కొద్దీ, అందరి పాదాలూ చూసింది. అందరూ కుడికాలు ఎత్తి, ఎడమకాలి మీద నిలబడి ఉన్నారు. ఆ ఎడమపాదం కొందరిది కుడికి తిరిగి ఉంది, కొందరిది ఎడమకు. నేల మీది పాదం ఎటు చూస్తే బంతి అటే పోతుందని రాక్షసుడు కనిపెట్టాడన్నమాట.

సంగతి తెలిసినా చిక్కు తీరలేదు. పాదం ఎటు పెట్టినా వాడికి తెలిసిపోతుంది. తిన్నగా పెడితే బంతి వాడి పొట్టకే తగులుతుంది. ఏం చెయ్యాలో తోచక ఆమె బంతి ముందు నిలబడిపోయింది.

రాక్షసుడు ఆవులించాడు. "ఎటు తంతావో తేల్చుకోవే పిల్లా. నాకు నిద్రొస్తోంది."

పైడితల్లి తల దించుకుంది. అప్పుడు తన ఎడమ చెప్పు కనిపించింది. తండ్రి నవ్వు గుర్తొచ్చింది. అంతే, కుడివైపా, ఎడమవైపా అన్న సందేహం వదిలిపోయింది.

నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగున వచ్చి, ఎడమపాదాన్ని కాస్త కుడికి తిప్పి ఊనింది. చెప్పు ముక్కు మాత్రం ఎడమకే చూసింది. రాక్షసుడు దాన్నే చూసి, అది చూపిన వైపుకే దూకాడు. బంతి కుడి మూల నుంచి గుహలోకి దూసుకుపోయింది.

రాక్షసుడు బోర్లా పడి, ఏం జరిగిందో తెలియక తెల్లమొహం వేశాడు. "నీ కాలు ఇటే చూసిందిగా?"

"కాలు కాదు, చెప్పు" అంది పైడితల్లి.

గుహలోంచి నది దూకి వాడిని ఈడ్చుకుపోయింది. నీళ్లు తగిలిన రాతిమనుషులు ఒక్కొక్కరే కదిలారు. బాలవీరయ్య ఎత్తిన కాలు దించి, ఎదుట ఉన్న కూతురిని గుండెకు హత్తుకున్నాడు.

రాజు సంతోషంతో అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. ముందు మా చెప్పులవాడకు కాలువ తవ్వించండి చాలు అంది పైడితల్లి. రాజు కాలువతోపాటు, నది వెలువడే ఆ గుహద్వారం మీద అధికారం కూడా ఆమెకే ఇచ్చాడు.

ఇంటికొచ్చాక బాలవీరయ్య మాట ప్రకారం ఆ ఎడమ చెప్పు ఒళ్లో పెట్టుకుని, చెప్పులు కుట్టే ఆరె చేతికి తీసుకున్నాడు. వంకర ముక్కును చాలాసేపు తడిమి చూశాడు. తర్వాత ఆరెను పెట్టెలో పెట్టేసి, కూతురి కాలికి తానే ఆ చెప్పు తొడిగాడు.

"ఉండనీలే అమ్మడూ" అన్నాడు.