పాపీ అడిగిన సంతకం

ఆ బుధవారం పొద్దున కూడా హజరత్తయ్య కాఫీ గ్లాసు అందుకోగానే ముందు వాసన చూశాడు, ఆ తర్వాతే తాగాడు. సొంత పెళ్ళాం పెట్టిన కాఫీనే అనుమానించే మనిషి ఊళ్లో జనాన్ని వదులుతాడా? వాకాడు నుంచి సముద్రం వైపు పోయే దారిలో నాలుగు రొయ్యల గుంటలున్న ఆసామి ఆయన. ఎక్కడ అనుమానం పుడితే అక్కడ హజరత్తయ్య హాజరు. ఎక్కడా పుట్టకపోతే తానే పురుడు పోసి పుట్టిస్తాడు.

"ఏమే, చక్కెర తగ్గించినావా?"

"రోజూ వేసేదే వేసినా," అంది వంటింట్లోంచి వెంకటశేషమ్మ. "నీ నోట్లోనే చేదుండాది. దానికి నేనేం చేసేది?"

ఆయన వసారా అంచున నిలబడి గుంటల వైపు చూశాడు. గట్లూ నీళ్లూ కలిసిపోయి మసగ్గా ఉన్నాయి. "వైశాఖంలో కూడా ఈ మంచేందో," అని గొణుక్కున్నాడు. ఈమధ్య ఆయనకు వాతావరణం మీద కూడా అనుమానమే.

మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అసలు చేదు అదీ. పేరు పాపీ. ఊరు ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ. వయసు ఇరవైమూడు. కూతురు బిందు చేపలు, రొయ్యల పెంపకం చదివే కాలేజీకే ఏడాది చదువుకని వచ్చింది. హాస్టల్లో చోటు లేదంటే ఏడు నెలల కిందట బిందు ఇంటికి తీసుకొచ్చి మేడమీద గది ఇప్పించింది.

"వాళ్ల దేశంలో అది పువ్వు పేరు నాయనా," అని బిందు చెప్పింది.

"పూలే కావాలంటే మల్లి లేదా, చేమంతి లేదా? ఏరికోరి పాపీ అని పెట్టుకుంటారా ఎవురైనా?"

వెంకటశేషమ్మ మాత్రం మొదటి రోజే ఆ పేరులోంచి గుడి తీసేసి పాప అని పిలవడం మొదలుపెట్టింది. ఒకే ఇంట్లో ఒకే పిల్ల ఆమెకు పాప, ఈయనకు పాపి. గుడి ఉంటే పాపి, గుడి లేకపోతే పాప. ఇదెక్కడి న్యాయమో అక్షరాలు పుట్టించిన వాళ్లే చెప్పాలి.

పాపీ తెలుగు నేర్చుకున్నది వంటింట్లో, వెంకటశేషమ్మ పక్కన ఉల్లిపాయలు తరుగుతూ. బిందు ఆయన్ని "నాయనా" అంటుంటే అదే పేరనుకుని తనూ అలాగే పిలవసాగింది. పేరు కాదని తెలిశాక కూడా మానలేదు. ఈరోజు నాయనా అన్నది రేపు వాటా అడగదా అని హజరత్తయ్య ఒక రాత్రి నిద్ర పాడుచేసుకున్నాడు.

"నాయనా, ఎల్లుండే శుక్రవారం. ఆ కాగితం చూసినావా?"

కాలేజీలో ఇంకో రెండేళ్ల పైచదువుకు ఆ పిల్లకు సీటు వచ్చింది. వీసా పొడిగించాలంటే తాను ఉంటున్నది ఈ ఇంట్లోనేనని ఇంటి యజమాని సంతకం పెట్టి ఇవ్వాలి. శుక్రవారం లోపు అది అందకపోతే నెలాఖరుకు విమానం ఎక్కాలి. పదిరోజులుగా కాగితం బల్ల మీదే ఉంది. సంతకం పెట్టినవాణ్ణి సంతలో పెట్టేస్తారని ఆయన భయం.

"మీ ఊళ్లో చదువుల్లేవా?" అన్నాడు.

"ఉండాయి."

"పనుల్లేవా?"

"ఉండాయి నాయనా. నేనే చేసినా, రెండేళ్లు. రొయ్యలు పొట్లాలు కట్టే ఫ్యాక్టరీలో. పొట్లం మీద ఇండియా అని ఉంటాది. ఎవురు పెంచినారో ఉండదు. పోయి చూడాలనిపించింది."

"రొయ్య కోసం ఇన్ని సముద్రాలు దాటినావా?"

"రొయ్య నాకోసం ముందే దాటింది గదా."

బిందు నవ్వింది. హజరత్తయ్యకు నవ్వు రాలేదు. రొయ్యల ఫ్యాక్టరీ అన్న మాట చెవిలో ముల్లులా ఉండిపోయింది. "చూస్తాలే," అని లేచాడు. చూస్తానన్నది చూడకుండా ఉండడానికే అని ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఆడపిల్లలిద్దరూ కాలేజీ బస్సెక్కాక పక్క గుంటల ఆదెయ్య వచ్చి కూర్చున్నాడు. ఆదెయ్య కొడుకు నరేంద్రబాబు లండన్ పోవాలని మూడుసార్లు వీసాకు పోయి, మూడుసార్లూ విసుగుతో తిరిగొచ్చాడు.

"అన్నా, ఒక మాట. మావాడు ఎక్కాలని చచ్చే బస్సులోంచి ఆ బిడ్డ దిగి మనూరికొచ్చింది. ఏమీ లేకుండా దిగతాదా ఎవురైనా?"

"రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసిందంట రోయ్."

ఆదెయ్య గొంతు తగ్గించాడు. "ఇంకేముండాది? కంపెనీ మనిషి. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ కౌంటు కొనేవాడికి ముందే తెలిసిపోతే, రొయ్య పట్టి అమ్మే రోజు ధర దగ్గర మనం నోరు తెరవగలమా? గుంటకు గుంటనక్కను కాపలా పెట్టుకున్నావన్నా."

ఆదెయ్య అటు పోగానే హజరత్తయ్య ఇటు మేడెక్కాడు. గది తలుపు తీయగానే ముక్కుకు తెలిసిపోయింది. రొయ్యల మేత వాసన. ఎండుచేపల పొడీ నూనే కలిసిన ఆ వాసన మేడమీద ఎందుకుంటుంది? వంగి మంచం కిందకు చెయ్యి పోనిచ్చాడు. సంచి తగిలింది. దాని వెనక ఇంకోటి. మొత్తం నాలుగు, మూతులు గట్టిగా కట్టి ఉన్నాయి.

బల్ల మీద ఒక నోటు పుస్తకం. కిటికీ దగ్గరకు తీసుకుపోయాడు, చెయ్యి చాచి చూశాడు, ముక్కుకు ఆనించి చూశాడు. అంకెలని మాత్రం తెలిసింది. "దొంగరాత, ఎవురూ చదవకుండా కెలికి పెట్టింది," అనుకున్నాడు.

"ఏందయ్యా, ఆడబిడ్డ గదిలో నీకేం పని?" గుమ్మంలో వెంకటశేషమ్మ.

"నా మేత మేసేస్తా ఉంది ఈ పిల్ల. చూడు."

ఆమె సంచుల వైపు చూడలేదు. మొగుడి వైపే చూసింది. "చూసింది చూసినావు. ఆ బిడ్డను ఏమీ అడగబాకు."

హజరత్తయ్య సంచులు వదిలేసి మెట్లు దిగాడు. ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన మనిషి కూడా అవతలి పక్షమే.

రోజూ ఆరుగంటల మేత ఎంతో ఆయన తూచి ఇస్తే, ఆడపిల్లలిద్దరూ చల్లేవారు. గురువారం పొద్దున ఆయన బకెట్టు ఎవరికీ ఇవ్వలేదు. ఇంటి ముందు గుంటలో గట్టు వెంట నడుస్తూ మొత్తం తనే చల్లాడు. నీళ్లలో వేలాడే చెక్ ట్రేలోనూ ఎప్పటిలా గుప్పెడు పోశాడు. ఆ ట్రేలో మేత రెండు గంటల్లో ఖాళీ అయితే రొయ్యలకు ఆకలున్నట్టు, మిగిలితే మేత తగ్గించాలన్నట్టు. ఎనిమిదికి నాలుగు సంచులూ గట్టు మీదకు ఈడ్చుకొచ్చి పెట్టి, ముగ్గురినీ పిలిచాడు.

"ఇవి ఎవురివి?"

పాపీ ముఖం ఎర్రబడింది. బిందు ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేనే పెట్టినా నాయనా."

"ఎందుకు?"

"చెప్పను. మాట ఇచ్చినా."

"ఎవురికి? కంపెనీకా? ఆ పుస్తకంలో అంకెలు ఎవురికి రాస్తా ఉండావు? తిండి పెట్టిన ఇంట్లో మేత ఎత్తే మనిషికి నేను సంతకం పెట్టాల్నా? పెట్టె సర్దుకో. నెలాఖరు దాకా కూడా వద్దు."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. "సర్దుకుంటా. అయితే ఈ పూట ఇంక మేత వెయ్యబాకు నాయనా. మధ్యాహ్నం కూడా మానుకో. నీళ్లు బాగలేవు."

"నా గుంటకు నువ్వు చెప్తావా?"

బిందు ఇక ఆగలేదు. గట్టు నుంచి నీళ్ల మీదకు వేసిన చెక్క మీదకు పోయి తాడు పట్టుకుని ట్రే పైకి లాగింది. నీళ్లు కారుతున్న ట్రేను తండ్రి ముఖం ముందు పెట్టింది.

"చూసి చెప్పు నాయనా. మేత ఉండాదా, తినేసినాయా?"

హజరత్తయ్య తల అటూ ఇటూ వంచి చూశాడు. "నాకే పరీక్షలా? ఖాళీ. గీకి గీకి తినేసినాయి. మధ్యాహ్నం ఇంకో రెండు కిలోలు పెంచు."

గుంటలో గాలి కలిపే ఏరేటరు ఒక్కటే నీళ్లు కొడుతోంది. బిందు తండ్రి చెయ్యి పట్టుకుని మెల్లగా ట్రేలో పెట్టింది.

వేళ్లకు మెత్తగా తగిలింది. నాని ఉబ్బిన మేత. ఇంకొంచెం జరిపితే ఇంకొంచెం. పొద్దున ఆయన పోసిన గుప్పెడూ పోసినట్టే ఉంది.

హజరత్తయ్య గట్టు మీద కూలబడ్డాడు.

"ఎన్నాళ్లుగా?"

"మూడు నెలలయింది." బిందు ట్రేను గట్టు మీద పెట్టింది. "నువ్వు ఖాళీ అంటా మేత పెంచుతా ఉండావు. మిగిలింది అడుగున కుళ్లి రెండో గుంటలో రొయ్య చచ్చి తేలింది. నీకు చెప్పేద్దామని పాపీ అన్నాది. నేనే ఒట్టు పెట్టించుకున్నా. నువ్వు ఇచ్చిన దాంట్లో ఎంత చల్లాలో అంతే చల్లి, మిగతాది మేడమీద దాచినాం. ఆ పుస్తకంలో ఉండేది అదే, దినదినం ఎంత దాచినామో."

"నాకెందుకు చెప్పలా?"

"ఉగాదికి ముందు కంటి డాక్టరు దగ్గరికి పోదాం రమ్మన్నా. నాకు కళ్లు లేవనిపించి గుంటలు రాయించుకునేదానికా అన్నావు."

అన్నాడు. ఆ మాట ఆయనకు బాగా గుర్తుంది. వెంకటశేషమ్మ పక్కన చేరి కూర్చుంది. ఆయన తడిచేతిని పంచెకు తుడుచుకున్నాడు.

"మంచు కాదని నాకు తెలుసు," అన్నాడు. "మా నాయనకు చూపు తగ్గిందని తెలిసిననాడు మడికాడికి రావద్దని చెప్పింది నేనే. వసారాలో మంచమేసి కూర్చోబెట్టినా. ఆ తర్వాత వడ్లు అమ్మినా, దూడను అమ్మినా ఆయన్ను ఒక్కమాట అడగలా. నాలుగేళ్లు కూర్చున్నాడు ఆ మంచంలో. ఆ మంచం నాకూ వేస్తారని..."

మాట పూర్తికాలేదు. జీవితమంతా అందరి మీదా కన్నేసి ఉంచిన మనిషి, ఆ కంటినే దాచడానికి ఎంత తిప్పలు పడ్డాడో అప్పుడు తెలిసింది ఇంట్లోవాళ్లకు.

పాపీ ఆయన ముందు గొంతుక్కూర్చుంది. "పోయిన నెల మూడో గుంట నీళ్లు చేతిలోకి తీసుకుని వాసన చూసినావు. అడుగు నల్లబడుతోంది, నీళ్లు మార్చండి అన్నావు. నీళ్లు పరీక్షించే మా మీటరు రెండురోజులకు చెప్పింది ఆ మాట. కాలేజీలో అది ఎవురికీ రాదు నాయనా. అది నేర్చుకునేదానికే ఇంకో రెండేళ్లు అడిగినా."

హజరత్తయ్య ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. అంత దగ్గరున్నా ముక్కూ మూతీ మసకే. ఇన్ని నెలలూ ఆ మసక ముఖానికి తన అనుమానంతోనే కళ్లూ ముక్కూ గీసుకున్నాడు.

"నిన్ను దొంగన్నా," అన్నాడు.

"అన్నావు."

"పెట్టె సర్దినావా?"

"ఇంకా లేదు."

"సర్దబాకు. ఏమే, ఆ కాగితం తీసుకురా."

వెంకటశేషమ్మ కాగితం, పెన్నూ తెచ్చింది. బిందు ఒక మేత సంచిని ఆయన ముందుకు జరిపి దాని మీద పరిచింది. హజరత్తయ్య పెన్ను పట్టుకుని కాగితం మీదకు వంగాడు. తెల్లటి కాగితం, మధ్యలో ఎక్కడో నల్లటి చారలు. ఇదివరకైతే ఏదో ఒక సాకు చెప్పి లేచిపోయేవాడు.

"యాడ పెట్టాల్నో కనపడలా," అన్నాడు. "నా వేలు పట్టుకుని చూపించు పాపా."

ఆ పిల్ల ఆయన చూపుడువేలు పట్టుకుని గీత మీద ఆనించింది. వేలు కదలకుండా, దాని పక్కనే ఒక్కో అక్షరం రాసుకుంటూ పోయాడు. రాయడం అయ్యాక తల ఎత్తాడు.

"సరిగ్గా పడిందా?"

బిందు తల్లి వైపు చూసింది. పాపీ కాగితాన్ని వెలుతురులోకి ఎత్తి చూసింది.

"కొంచెం వంకర పొయ్యింది నాయనా. గీత దాటింది. అయినా ఒప్పుకుంటారు."

హజరత్తయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంపల మీదకు జారినా తుడుచుకోలేదు.

"అట్టా చెప్పండి నాకు," అన్నాడు. "ఇంకమీదట అందరూ అట్టనే చెప్పండి."