ఈగలకు నచ్చిన నీలం చొక్కా

"ఆవిడకి ఒళ్లంతా దద్దుర్లు. ఆ బట్టలు కుట్టింది నువ్వేగా?"

అయికాతో నేను మాట్లాడిన మొదటి మాట ఇది. మా అరూషా ఊరి సంత పక్కన రేకుల వరండాలో, కాలితో తొక్కే మిషను ముందు, నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూర్చుంది. తలెత్తి చూసింది గానీ సూదులు తియ్యడానికి తొందరపడలేదు. నలభై ఏళ్లయింది, ఆ నిదానం ఇప్పటికీ అలాగే ఉంది.

నేనప్పుడు టూరిస్టులను అడవికి తీసుకెళ్లే గైడును, జీపు డ్రైవరును కూడా. విమానంలో సామాను పోగొట్టుకున్న ఒక పెద్దావిడ ఆ వరండాలో బట్టలు కుట్టించుకుంది. ముదురు నీలం చొక్కా, ముదురు నీలం ప్యాంటు. తరంగీరే అడవిలో రక్తం తాగే సెట్సీ ఈగలకు నీలమో నలుపో కనిపిస్తే పండగే. జీపులో మిగతావాళ్లను వదిలేసి ఆవిణ్ణి మాత్రమే పీక్కుతిన్నాయి.

అయికా సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చింది. "ఏ రంగు నాకు బాగుంటుందని అడిగింది, చెప్పాను. ఈగలకేది బాగుంటుందని అడగలేదు."

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. నవ్వితే పరువు పోతుందని గబగబా వరండా దిగేశాను.

ఆ తర్వాత నా టూరిస్టులందరి సామాన్లూ పోతే బాగుండుననిపించేది. పోకపోయినా ఏదో ఒక వంకతో అక్కడికే తీసుకెళ్లేవాణ్ణి. మిలిటరీ మచ్చల గుడ్డ వేసుకొచ్చినవాళ్లను పోలీసులు పట్టుకుంటారని చెప్పి, తెల్లబట్టలవాళ్లను మధ్యాహ్నానికల్లా దుమ్ముకొట్టుకుపోతారని చెప్పి. ఖాకీ, ఎండుగడ్డి రంగు, పొడుగు చేతులు, మెడ మాడకుండా పెద్ద కాలరు అని నేను వరసగా చెబుతుంటే, జేబులకు గుండీలూ మోకాళ్ల దగ్గర వదులూ ఆమె చూసుకునేది. వాన పట్టుకుంటే అందరం ఆ రేకుల కింద ఇరుకుగా నిలబడేవాళ్లం. నేను మాత్రం వాన తగ్గకూడదని మొక్కుకునేవాణ్ణి.

"ఊరందరికీ బట్టల గురించి చెబుతావు, ఎలిసంతే. నీ చొక్కాకేమో రెండే గుండీలు" అంది ఒకసారి.

కుట్టిపెట్టేవాళ్లు లేరన్నాను. మిషను చప్పుడు కాసేపు ఆగిపోయింది.

ఒక మంగళవారం నేను తరంగీరేకి బయలుదేరుతుంటే, కాగితంలో చుట్టిన పొట్లం నా చేతిలో పెట్టి, మారుమాట లేకుండా వెళ్లి మిషను ముందు కూర్చుంది. దారిలో విప్పితే చొక్కా. ముదురు నీలం.

ఆ రోజంతా అదే ఆలోచన. మొదటి రోజు కయ్యానికి కక్ష తీర్చుకుంటోందా? మనసు పడి కుట్టిందా? వేసుకోకుండా వెళితే, ఎలా ఉందని అడిగినప్పుడు ఏం చెప్పాలి? ఆలోచించి ఆలోచించి, బుధవారం పొద్దున్నే తొడుక్కుని జీపెక్కాను. నేను ఖాకీ వేయించిన టూరిస్టులు హాయిగా ఏనుగులను చూశారు. ఈగలన్నీ నాకే వచ్చాయి.

శనివారం మధ్యాహ్నం అదే చొక్కాతో వరండా ఎక్కాను. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. మెడ నిండా దద్దుర్లు. తుమ్మముల్లు తగిలి జేబు చిరిగింది. మురిసిపోతుందనుకున్నాను. ఆమె మొహం వాడిపోయింది.

"దీన్ని అడవికి వేసుకెళ్లావా?"

"నువ్విచ్చావు కదా."

"అడవికైతే ఖాకీయే కుట్టేదాన్ని కదా!" అంది. 

అప్పుడు చెప్పింది సంగతి. మా వైపు పిల్లనడగడం ఉత్తరంతోనే. రాసి ఒక పెద్దమనిషి చేతికిచ్చి పంపాలి. మోషీలో బట్టల కొట్టు ఉన్న ఒకాయన నుంచి వాళ్ల నాన్నకు అలాంటి ఉత్తరం వచ్చింది. జవాబు ఆ ఆదివారమే ఇవ్వాలి. అయికా తండ్రిని బతిమాలిందట, ముందు ఒకతన్ని చూడు, ఆదివారం చర్చి బయట నీలం చొక్కాలో నిలబడతాడని. పేరు చెప్పడానికి సిగ్గేసింది. నాతో చెప్పడానికి అంతకంటే సిగ్గేసి, శనివారం నేను తిరిగొచ్చాక చెబుదామని ఊరుకుంది.

"నువ్వంటే నాకిష్టం. చొక్కా ఇస్తే అర్థమవుతుందనుకున్నాను" అంది తల దించుకుని.

"నాకు నువ్వంటే ప్రాణం. అందుకే వేసుకున్నాను."

 ఆమె సూదిలో దారం ఎక్కించి, "ఇటివ్వు, జేబు కుట్టాలి" అంది. సంతంతా చూస్తుండగా బనియనుతో నిలబడ్డాను.

మరునాడు వాళ్ల ఊరు తెంగేరులో చర్చి బయట ఆమె తండ్రి నన్ను వెతుక్కోనక్కర్లేకపోయింది. నీలం చొక్కాలో, ఒంటికన్నుతో నేనొక్కణ్ణే ఉన్నాను.

"గైడువటగా. నీలమంటే ఈగలు వదలవని తెలియదా?"

"తెలుసండి."

"మరి?"

"అయికా కుట్టిందండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఇంటికి తీసుకెళ్లి, అరటిచెట్ల నీడలో కూర్చోబెట్టాడు. సొరబుర్రలో అరటిపళ్ల కల్లు పోసుకుని, సగం తాగి, అదే బుర్ర నా చేతికిచ్చాడు. మిగిలింది నేను తాగాను. ఒకే బుర్రలోంచి ఇద్దరు తాగితే ఇక వాళ్లు పరాయివాళ్లు కారు.

"మోషీవాళ్లకు కాదని కబురు పంపుతాను. నువ్వు ఉత్తరం ఎవరి చేత పంపుతావో చూసుకో. రెండో కన్ను తెరుచుకున్నాక రాయి, అక్షరాలు తిన్నగా వస్తాయి" అన్నాడు.

ఆ వరండా ఇప్పుడు లేదు, ఫోన్ల కొట్టు వచ్చింది. ఎక్కడైనా రేకుల మీద వాన పడితే మాత్రం నాకు ఆ మిషను చప్పుడే వినిపిస్తుంది. అయికాకు మోకాళ్ల నొప్పులు. మా బట్టలు కుట్టే కొట్లో కుర్చీ వేసుకుని, కుట్టేవాళ్లకు పనులు చెబుతుంటుంది.

మొన్న గైడుగా పనిచేసే ఒక పిల్ల వచ్చి, ఎవరికోసమో చెప్పకుండా, కొలతల కాగితం ఇచ్చింది. ముదురు నీలంలో మగవాళ్ల చొక్కా కావాలట. అయికా ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"కుట్టిస్తాను తల్లీ. ఎక్కడికి వేసుకెళ్లాలో మాత్రం నోటితో చెప్పి ఇవ్వు" అంది.

పక్కన కూర్చున్న నేను మెడ తడుముకున్నాను.