నలభయ్యోనాటి హుంబా

ఆదివారం పొద్దున్న ఆరున్నర. గుణదల మేరీమాత కొండ దగ్గర మొదటి పూజ అప్పుడే మొదలైంది. ఏ ఆదివారమూ ఆ పూజ తప్పని అమలమ్మ ఈ ఆదివారం మాత్రం వంటగట్టు ముందు నిలబడి, కొడుకు తెచ్చిన నల్ల కవరును పాముల బుట్టను చూసినట్టు చూస్తోంది.

అందులో కిలోన్నర పంది మాంసం ఉంది.

"చర్మంతోనే కావాలన్నావుగా. చర్మంతోనే కొట్టించా, చూస్కో," అన్నాడు జాన్ పాల్ భార్యతో. తల్లి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అమ్మా, నువ్వు ముట్టుకోనక్కర్లా. ఈ ఒక్కరోజు పొయ్యి ఇస్తే చాలు."

"ఇవ్వనన్నానట్రా? వాళ్లమ్మ కోసం అంటున్నావు, ఇంక నేనేం అంటాను?"

కోడలు మారిసెల్‌ది ఫిలిప్పీన్స్. కువైట్‌లో జాన్ పాల్ పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు, తెలుగు అతని దగ్గరే నేర్చుకుంది. పురుటికని నాలుగు నెలల కిందట విజయవాడ వచ్చింది. ఇప్పుడు ఏడో నెల. అక్కడ వాళ్ల ఊళ్లో తల్లి పోయిందని కబురొచ్చినప్పుడు, ఈ పరిస్థితిలో విమానం ఎక్కడానికి వీల్లేదని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పేసింది. కడసారి చూపు ఫోన్‌లోనే అయింది. ఈ రోజుకి నలభయ్యో రోజు. వాళ్ల పద్ధతిలో ఆ రోజు పోయినవాళ్లకి ఇష్టమైన వంట వండి, వాళ్ల పేరు చెప్పి ఒక పళ్లెం పెట్టి, ప్రార్థన చేసి, అందరూ కలిసి తింటారు. ఆ తల్లికి ఇష్టమైనది హుంబా. పంది మాంసంలో బెల్లం, వెనిగర్, సోయా సాస్, అరటిపువ్వు వేసి, సన్నటి సెగ మీద తియ్యగా పుల్లగా ఉప్పగా ఉడికించే కూర.

సోయా సాసూ వెనిగరూ గవర్నర్‌పేటలో దొరికాయి. అరటిపువ్వు రైతుబజారులో దొరికింది. అమలమ్మ ఒప్పుకోవడమే కష్టమైంది.

ఎందుకు కష్టమైందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అమలమ్మ పామర్రు దగ్గర కాలవగట్టు మీద పందులు మేపుకునే ఇంట్లో పుట్టింది. పుట్టినప్పుడు పెట్టిన పేరు పెద్దింట్లమ్మ. పదేళ్లప్పుడు సిస్టర్లు తెచ్చి గుణదల హాస్టల్లో చేర్చుకున్నారు. అక్కడే చదువు, అక్కడే జ్ఞానస్నానం, అక్కడే కొత్త పేరు. పాత సిస్టర్లంతా బదిలీ అయిపోయాక బడిలో పాఠాలు చెప్పే మాస్టారి సంబంధం వచ్చింది. పెళ్లిచూపుల్లో మాస్టారి అక్క సంపూర్ణమ్మ అడిగింది, "అమ్మానాన్నా ఏం చేస్తారమ్మా?" అని.

"లేరండీ," అంది అమల.

తండ్రి లేని మాట నిజమే. తల్లి మాత్రం ఆ క్షణాన పామర్రులో నిక్షేపంగా ఉంది. బతికున్న తల్లిని ఒక్క మాటతో చంపేసి, ఆ మాట మీదే ముప్పై మూడేళ్లు నెట్టుకొచ్చింది అమలమ్మ. మాస్టారు అది తెలియకుండానే కన్నుమూశారు.

అందుకే ఆ మాంసం అంటే భయం. ఈ రోజు ఇంట్లోకి వస్తే రేపు వాసన వీధిలోకి వెళుతుంది, ఎల్లుండి పాత సంగతి బయటికి వస్తుంది.

"నువ్వు కూచో తల్లీ, నడుం నొప్పంటున్నావుగా. నేను కడుగుతాలే," అని గిన్నె అందుకుంది. కాచిన నీళ్లు మాంసం మీద పోసింది.

ఆవిరి ముక్కుకి తగిలింది. చెయ్యి ఆగిపోయింది.

ఇది విత్తులు తీయించని పోతుపంది. చిన్నప్పుడే విత్తులు తీయించకుండా పెంచితే, దాని కొవ్వులో ఒక కంపు పట్టేస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు తెలిసినవాళ్లకే తెలుస్తుంది. పొయ్యెక్కిందంటే వీధి చివరి దాకా తెలుస్తుంది. బెల్లం పోసినా పోదు, వెనిగర్ పోసినా పోదు. తల్లి పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య, నలభై ఏడేళ్ల తరువాత కూడా ముక్కు మర్చిపోలేదు.

"బాగుందా అత్తమ్మా, మాంసం?" అడిగింది మారిసెల్.

'బాగాలేదు, మార్పించుకు రమ్మను' అంటే సరిపోయేది. టైముంది. జాన్ పాల్ ఇంకా చెప్పులు కూడా విప్పలేదు.

కానీ అమలమ్మ బుర్రలో ఇంకో లెక్క తిరిగింది. పాడైతే పాడవనీ. ఒక్కసారి ఇల్లంతా కంపు కొడితే, ఈ పిల్ల మళ్లీ జన్మలో పంది మాంసం పేరెత్తదు.

"నాకేం తెలుస్తుంది తల్లీ! మా ఇంటా వంటా ఉందా?" అంది.

మారిసెల్ హుషారుగా వంట మొదలుపెట్టింది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో వెల్లుల్లి వేయించింది. బెల్లం ముక్క చిదుపుతూ కబుర్లు చెప్పింది. "మా అమ్మ ఊరికే తిడుతుంది అత్తమ్మా. బెల్లం తక్కువ వేస్తే, 'నీ మొగుడికి కూడా ఇలాగే పెడతావా, పారిపోతాడు' అంటుంది."

"అన్నదా? మావాడెక్కడికీ పారిపోలేదుగా," అని నవ్వింది అమలమ్మ. 'అంటుంది' అంటోంది పిల్ల. తల్లి పోయి నలభై రోజులైనా 'అనేది' అని నోరు తిరగలేదు.

తొమ్మిది కొట్టేసరికి కంపు మొదలైంది.

మారిసెల్ మూత తీసింది. మొహం మారింది. ఇంకొంచెం వెనిగర్ పోసింది. ఇంకో బెల్లం ముక్క వేసింది. కిటికీలు తెరిచింది. ఫ్యాను పెట్టింది. జాన్ పాల్ వచ్చి, "ఏమైంది, మాడిందా?" అన్నాడు. మారిసెల్ తల అడ్డంగా ఊపింది. "నేనేం తప్పు చేశాను అత్తమ్మా? మా అమ్మ చేస్తే ఇలా రాదు. ఎప్పుడూ రాదు."

అమలమ్మ నేల చూపులు చూసింది.

అప్పుడే గేటు చప్పుడైంది. రెండిళ్ల అవతల ఉండే సంపూర్ణమ్మ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నేరుగా వంటింట్లోకే వచ్చేసింది.

"ఏమే అమలా! సాయంత్రం నలుగురూ జపమాల ప్రార్థనకొచ్చే ఇల్లిది. పందుల దొడ్డి చేశావేమే?"

"అత్తా, మారిసెల్ వాళ్లమ్మ నలభయ్యో రోజు..." అంటున్నాడు జాన్ పాల్.

"అయితే? కోడి కోసుకోకూడదూ? చేపలు దొరకవూ? మా తమ్ముడు బతికుంటే ఈ వాసనకి గడప తొక్కేవాడా?" చివరి మాట చనిపోయిన మాస్టారి పేరుమీద అమలమ్మకి తగిలించింది. తరువాత మారిసెల్ వైపు తిరిగింది. "ఏమ్మా, మీ అమ్మ నేర్పిన వంట ఇదేనా?"

మారిసెల్ పొయ్యి ఆర్పేసింది. కళ్లు తుడుచుకుని నిటారుగా నిలబడింది.

"సారీ పెద్దత్తమ్మా. మా అమ్మ మంచిగా నేర్పింది. నేనే సరిగ్గా నేర్చుకోలేదు. తప్పు నాది. అమ్మది కాదు."

అమలమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. సముద్రం అవతల మట్టిలో ఉన్న తల్లి మీద ఒక్క మాట పడనివ్వకుండా, ఈ పిల్ల తను అడ్డం నిలబడింది. మరి తను? కళ్లెదుట నిలబడ్డ తల్లిని ఏం చేసింది?

"ఆ పిల్ల తప్పు లేదు వదినా," అంది. "మాంసం తప్పు. విత్తులు తీయించని పోతుపంది అది. ఎవరు వండినా ఇంతే. కడిగేటప్పుడే నాకు తెలుసు."

సంపూర్ణమ్మ కొంగు జారింది. "నీకెట్టా తెలుసు?"

"మా అమ్మ పందులు మేపేది."

"నీకు అమ్మెక్కడిదే?"

"ఉండేది వదినా. వీడు చంటిపిల్లాడప్పుడు మేరీమాత తిరనాళ్లకి మన గుమ్మంలోకి ఒక ముసలామె వచ్చింది. ఎవరే అని నువ్వడిగావు. ఎవరో పాపం, ఆకలితో వచ్చిందని చెప్పి మెట్ల మీద ఆకేసి అన్నం పెట్టాను. ఆమే."

సంపూర్ణమ్మే ముందు తేరుకుంది. "ముప్పై మూడేళ్లు! మా తమ్ముణ్ణీ నన్నూ వెర్రివాళ్లని చేశావు. సాయంత్రం జపమాలకి ఎవరూ రావద్దని నేనే చెప్తాలే," అని విసవిసా వెళ్లిపోయింది.

జాన్ పాల్ తల్లినే చూస్తున్నాడు. "పందులు మేపడం సంగతి వదిలెయ్. తెలిసి కూడా ఎందుకు చెప్పలేదమ్మా? ఈవిడ వాళ్లమ్మ కోసం వండుతోందని తెలిసి కూడా పాడవనిచ్చావా?"

"పాడవనిచ్చాను నాయనా," అంది అమలమ్మ. తల ఎత్తలేకపోయింది.

మారిసెల్ తిట్టలేదు. ఏడవలేదు. గోడ గడియారం చూసి అడిగింది. "మంచి మాంసం ఎక్కడ దొరుకుతుంది? మీకు తెలుసు కదా అత్తమ్మా."

క్షమించినట్టు లేదు ఆ గొంతు. పని మిగిలి ఉన్న నర్సు గొంతు అది.

"పామర్రులో," అంది అమలమ్మ. "మా తమ్ముడు."

బెల్లం, సీసాలు, మిగిలిన అరటిపువ్వు ఒక సంచిలో సర్దుకుని కారెక్కారు. కంకిపాడు దాటింది, ఉయ్యూరు దాటింది. వరిచేల మధ్య రోడ్డు పరుగెడుతోంది. వెనక సీట్లో కోడలి పక్కన కూర్చున్న అమలమ్మ, తన చెయ్యి ఆ పిల్ల చేతికి తగలకుండా ఒళ్లో ముడుచుకుంది.

కాలవగట్టు మీద ఇప్పుడు గుడిసె లేదు. రెండు గదుల డాబా, వెనక రేకుల షెడ్డు ఉన్నాయి. బనియను మీదున్న యాభై దాటిన మనిషి బయటికొచ్చాడు. అమలమ్మని ఒక్క చూపు చూశాడు. గుర్తుపట్టాడని ఆమెకి తెలిసింది.

"ఎవరు కావాలండీ?" అన్నాడు.

"పెద్దబ్బాయ్... నేనురా."

"మాంసానికైతే పొద్దున్నే అయిపోయిందండీ. ఇంకో వారం రండి."

ఆ 'అండీ' బాకులా దిగింది. జాన్ పాల్ ఏదో అనబోతే అమలమ్మ ఆపింది.

"నీ కోపం నాకు తెలుసురా."

"కోపమేంటండీ? మా అమ్మ తిరనాళ్ల నించి వచ్చి ఏం చెప్పిందో తెలుసా? 'నా కూతురు మేడలో ఉందిరా, కుర్చీ ఏసి కూచోబెట్టింది, పక్కన కూచుని కొసరి కొసరి తినిపించింది, బస్సు దాకా వచ్చి సాగనంపింది' అని ఊరంతా చెప్పుకుంది. చచ్చేదాకా అదే చెప్పింది. అంత మరేద చేసిన మనిషివి, అమ్మ పోయిందని కార్డు రాస్తే ఎందుకు రాలేదు? పదకొండో రోజు దాకా రోడ్డు చూశాను నేను!"

కార్డు అందింది. స్నానాల గదిలో గడియ పెట్టుకుని చదివి, చించి నీళ్లలో వదిలేసింది. ఆ బరువు ఇన్నాళ్లూ మోసింది. తల్లి ఈ అబద్ధం ఆడిందని ఈ రోజే వింటోంది. తల్లి అబద్ధమాడి కూతురి పరువు కాపాడింది. ఇప్పుడు అవునని తల ఊపితే చాలు. ఆ ఊళ్లో తను ఎప్పటికీ తల్లికి కొసరి తినిపించిన కూతురిగానే మిగిలిపోతుంది.

"అమ్మ నీకు అబద్ధం చెప్పిందిరా," అంది. "కుర్చీ వెయ్యలేదు. మెట్ల మీద ఆకేశాను. మా వదిన అడిగితే ఎవరో బిచ్చగత్తె అన్నట్టు చెప్పాను. అమ్మ ఒక్క మెతుకు వదలకుండా తిని, ఆకు తీసుకుని వెళ్లిపోయింది. నేను తలుపేసుకున్నాను."

పెద్దబ్బాయి గోడకి చెయ్యి ఆనించి అటు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

లోపల్నించి అతని భార్య దుర్గ వచ్చింది. అంతా విన్నట్టే ఉంది. ఆడపడుచుని పలకరించలేదు. మారిసెల్ చెయ్యి పట్టుకుంది. "నిండు మనిషిని ఎండలో నిలబెట్టి ఏంటయ్యా మీ తగూలు? రామ్మా, నీడలో కూచో. మాంసం కావాలా? మా ఇంటికని ఉంచింది ఉంది, ఆడపందిది, లేతది. ఏమొండుతావు?"

"హుంబా," అంది మారిసెల్. "మా అమ్మ కోసం."

పెరట్లో కట్టెల పొయ్యి మీద గిన్నె పెట్టారు. పెద్దబ్బాయి ఇనుపచువ్వ కాల్చి కొవ్వు మీద ఆనించి వాసన చూశాడు. చువ్వని అక్క ముందుకి చాచాడు. ఆమె కూడా వాసన చూసి తల ఊపింది. ఇద్దరికీ ఆ పని నేర్పింది ఒక్కరే.

గంటన్నరకి బెల్లం చిక్కబడి, ముక్క తేనెరంగు తిరిగి, చర్మం వేలితో నొక్కితే దిగేలా అయింది. ఈసారి మూత తీసినప్పుడు మారిసెల్ ఏడ్చింది. నలభై రోజుల్లో అంత గట్టిగా ఏడవడం జాన్ పాల్ కూడా చూడలేదు. అమలమ్మ దగ్గరికి వెళ్లబోయి, ఆ హక్కు తనకుందో లేదో తెలియక రెండడుగుల దూరంలో ఆగిపోయింది. మారిసెల్ ఏడుస్తూనే చెయ్యి చాచి ఆమె కొంగు పట్టుకుంది. అంతే.

తల్లి పేరు చెప్పి ఒక పళ్లెం పెట్టింది మారిసెల్. "ఇంకో పళ్లెం కావాలి," అని దుర్గనడిగి తెచ్చి, మొదటి దాని పక్కన పెట్టింది. "మీ అమ్మగారి పేరు చెప్పండి, అత్తమ్మా. ప్రార్థనలో చెప్పాలి."

ముప్పై మూడేళ్లుగా ఆ పేరు అమలమ్మ నోట రాలేదు.

"కోటమ్మ," అంది.

అందరూ కూర్చున్నారు. పెద్దబ్బాయి ఒక ముద్ద తిని, నీళ్లు తాగి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "మా అమ్మాయి శ్రీదుర్గకి మాత్రం వాళ్ల నాయనమ్మ చెప్పిందే తెలుసు. మేనత్త మంచిదనే అనుకుంటది. అదట్టా ఉండనీలే అక్కా."

అక్కా అన్నాడు. అమలమ్మ ఆ మాట పట్టుకుని బయటపడిపోవచ్చు.

"వద్దురా," అంది. "ఎక్కడుంది? పిలువు."

ఇరవై ఏళ్ల పిల్ల పక్కింట్లోంచి వచ్చి కొత్తవాళ్లని చూసి సిగ్గుపడుతూ నవ్వింది. అచ్చం కోటమ్మ నవ్వే.

అమలమ్మ ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. కొడుకు వింటున్నాడు, కోడలు వింటోంది. మెట్ల మీద ఆకు దగ్గరికి వచ్చేసరికి శ్రీదుర్గ నవ్వు ఆగిపోయింది. అయినా అమలమ్మ ఆపలేదు.